ఆ రిపోర్టు కింద సంతకం ఎవరు పెట్టాలి?

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చైర్‌పర్సన్ గారికి, సభ్యులకు,

నమస్కారం. తెనాలి దగ్గర, మేధో వైకల్యం ఉన్న పెద్దపిల్లల కోసం నడిచే ఒక చిన్న సెంటర్‌లో పధ్నాలుగేళ్ళుగా ఒకేషనల్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. వైకల్యం ఉన్నవాళ్ళతో పనిచేసే వృత్తులవాళ్ళని నమోదు చేసే మీ రిజిస్టర్‌లో నాకు సీఆర్ఆర్ నంబర్ ఉంది, స్పెషల్ టీచర్ కేటగిరీలో. సోమవారం నుంచి గురువారం దాకా నేను చేసే పని ఆ కేటగిరీలోదే. శుక్రవారం చేసేది ఒకేషనల్ ఇవాల్యుయేషన్, అంటే ఎవరు ఏ పనికి సరిపోతారో పని చేయించి చూసి రాయడం. ఆ పనికి మాత్రం మీ రిజిస్టర్‌లో పేరు లేదు. ఈ ఉత్తరం ఆ శుక్రవారం గురించి.

పోయిన ఏడాది మే నెలలో ఒక ప్యాకింగ్ యూనిట్ నుంచి ఫోన్ వచ్చింది. మా అబ్బాయి ఒకడిని అక్కడ పనికి పెట్టాలని ఆరు పేజీల రిపోర్టు పంపి ఉన్నాను. అవతలి ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, రిపోర్టు చదివాను, బాగుంది. కానీ కింద సంతకం మీరు ఏ హోదాలో పెట్టారు? సర్టిఫైడ్ ఇవాల్యుయేటరా?" అన్నాడు. స్పెషల్ టీచర్నని చెప్పాను. "అయితే సైకాలజిస్ట్ గారి దగ్గర ఒక లెటర్ తెప్పించండి, ఆడిట్‌లో అడుగుతారు" అన్నాడు. తెప్పించాం. అరగంట చూసి ఐక్యూ ఇంత అని రాసిన రెండు లైన్ల కాగితం వాళ్ళ ఫైల్లోకి వెళ్ళింది. నా ఆరు పేజీలు నా దగ్గరికే తిరిగొచ్చాయి. సైకాలజిస్ట్ గారి తప్పేమీ లేదు, ఆయన్ని ఐక్యూ అడిగారు, ఆయన ఐక్యూ ఇచ్చారు. ఆ రెండు లైన్లు చూసి ఆ అబ్బాయికి మొక్కలకి నీళ్ళు పోసే పని ఇచ్చారు. రెండు వారాల్లో మానేశాడు.

ఆ ఆరు పేజీల్లో ఏముందో చెప్పాలి. ఈ పని ఎలా జరుగుతుందో చూడకుండా దీనికి సర్టిఫికేషన్ కావాలంటే, ఉన్నవాటికి తోడు ఇంకో కాగితం అడుగుతున్నట్టే ఉంటుంది.

అబ్బాయికి ఇరవై మూడేళ్ళు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతం అని ఉంది. మొదటిరోజు వాళ్ళమ్మ ఆ కాగితం నా చేతికిచ్చి, "అంటే వీడు నూటికి పాతిక వంతే పనికొస్తాడా అమ్మా?" అని అడిగింది. చాలామంది తల్లులు ఇదే అడుగుతారు. పెన్షన్‌కి, పాస్‌కి, రిజర్వేషన్‌కి ఆ శాతం కావాలి. కానీ మనిషి చేతులు ఏం చేయగలవో ఆ అంకె చెప్పదు, చెప్పడానికి దాన్ని పెట్టనూ లేదు.

ముందు పెగ్‌బోర్డు పెట్టాను. మీకు తెలిసిందే: రెండు వరసల రంధ్రాలు, పైన గిన్నెల్లో సన్నని పిన్నులు, వాషర్లు, కాలర్లు. కుడిచేత్తో ముప్పై సెకన్లు, ఎడమచేత్తో ముప్పై సెకన్లు, తర్వాత రెండు చేతులతో. 1940ల్లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో ఫ్యాక్టరీ పనివాళ్ళని ఎంపిక చేయడానికి తయారైన పరీక్ష అది. దాని నార్మ్స్, అంటే పోల్చి చూసే స్కోర్లు, అక్కడివాళ్ళవి. మావాడికి వచ్చిన స్కోరు ఆ పట్టికలో అడుగునకి కూడా ఆనలేదు. అక్కడితో ఆపి రాసేస్తే రిపోర్టు ఒక లైను: చేతి నైపుణ్యం చాలా తక్కువ.

మరుసటి శుక్రవారం చాప మీద రెండు కిలోల ఎండుమిరపకాయలు పోశాను. ఇది గుంటూరు పక్క, సీజన్‌లో ఇంటింటా ఉండే పనే: తాలు కాయలు ఒకవైపు, మంచికాయ ఒకవైపు, తొడిమలు వేరు. ఘాటుకి నాకూ ఆయమ్మకీ తుమ్ములు ఆగడం లేదు. వాడు తుమ్మలేదు. నా చేతిలో గడియారం, ఒళ్ళో షీటు: ఎంత బరువు తేల్చాడు, ఎన్ని కాయలు తప్పు కుప్పలో పడ్డాయి, ఎన్నిసార్లు "చెయ్యి నాన్నా" అని గుర్తు చేయాల్సి వచ్చింది. మొదటి గంటలో పదకొండుసార్లు. తప్పు కాయలు మాత్రం మూడే. అంటే వీడికి తేడా తెలుస్తోంది, పని తెలుస్తోంది, మధ్యలో ఎందుకు ఆగిపోతున్నాడు? షీటులో టైములు చూసుకుంటే అర్థమైంది. తలుపు తీసిన ప్రతిసారీ ఆగుతున్నాడు. వచ్చింది ఎవరో చూసి, వాళ్ళు వెళ్ళేదాకా చూస్తూనే ఉంటున్నాడు.

ఆ పై వారం కుర్చీ తిప్పాను. తలుపుకి వీపు, గోడకి ముఖం. గంటలో రెండుసార్లే గుర్తు చేయాల్సి వచ్చింది.

వేగం సంగతి మిగిలింది. దీనికి నార్మ్స్ ఏ పుస్తకంలో దొరుకుతాయి? మా వీధిలో ఈ పనికి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురిని బతిమాలి, ఒక్కో గంట వాళ్ళ పని తూచాను. "మాకు పరీక్షేంటి టీచరమ్మా" అని ఒకటే నవ్వు. మావాడి వేగం వాళ్ళ సగటులో సగానికి కాస్త తక్కువ. అది కూడా దాచకుండా రాశాను. రిపోర్టులో నాకు అన్నిటికంటే విలువైనవనిపించే వాక్యాలు ఇవి: తలుపుకి వీపు పెట్టి కూర్చోబెట్టండి. పిలిచి ఆపొద్దు, భుజం తట్టి చెప్పండి. గంటకోసారి నీళ్ళకి లేపండి, తనంతట తను లేవడు. తప్పులు దాదాపు ఉండవు, వేగం మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలి.

ఒకేషనల్ ఇవాల్యుయేషన్ అంటే ఇదే. మనిషిని, పనిని, పనిచేసే చోటుని మూడింటినీ కలిపి చూడడం. ఇంగ్లీషులో వర్క్ శాంపిల్ అని, సిట్యుయేషనల్ అసెస్‌మెంట్ అని, జాబ్ అనాలిసిస్ అని దీనికి పెద్ద పేర్లున్నాయి. మా సెంటర్‌లో మేం "పని పెట్టి చూడడం" అంటాం.

ఇప్పుడు మీ రిజిస్టర్ సంగతి. 1992 చట్టం ప్రకారం మీరు గుర్తించినవి పదహారు రకాల వృత్తులు. అందులో ఒకేషనల్ కౌన్సెలర్లు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు ఉన్నారు. పునరావాస వర్క్‌షాప్ మేనేజర్లు ఉన్నారు. రిహాబిలిటేషన్ సైకాలజిస్టులు ఉన్నారు, స్పెషల్ టీచర్లు ఉన్నారు. సలహా చెప్పేవాళ్ళు, నేర్పేవాళ్ళు, ఉద్యోగం చూపించేవాళ్ళు అందరూ ఉన్నారు. ఆ పనికి ఈ మనిషి సరిపోతాడా, ఈ మనిషికి ఆ పని సరిపోతుందా అని ముందుగా తేల్చేవాళ్ళు మాత్రం ఆ పేరుతో లేరు. కౌన్సెలర్ కేటగిరీలోనే అది కలిసి ఉందని మీరనొచ్చు. ఉండొచ్చు. కానీ చేసేవాళ్ళలో సగం మంది నాలాగా ఇంకో కేటగిరీ వాళ్ళు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు కూడా ఈ పని చాలా బాగా చేస్తారు, వాళ్ళకి 2021 చట్టం కింద వేరే కమిషన్ వచ్చింది. ఒకే పనిని నలుగురం నాలుగు గొడుగుల కింద చేస్తున్నాం. అందరికీ ఒకే కొలత మాత్రం లేదు.

అదే చట్టం 13వ సెక్షన్‌లో, రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తులు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని ఉంది. (వెయ్యి రూపాయలు ఆ రోజుల్లో కాస్త పెద్ద మొత్తమే అయి ఉంటుంది.) స్పెషల్ టీచర్ కాని వ్యక్తి స్పెషల్ టీచర్నని చెప్పుకుంటే తప్పు. బాగుంది. మరి ఒకేషనల్ ఇవాల్యుయేటర్నని ఎవరు బోర్డు పెట్టుకున్నా అడగడానికి ఆ పేరే జాబితాలో లేదే.

ఇది మనకి కొత్త విద్య కూడా కాదు. 1968లో కేంద్ర కార్మిక శాఖ దేశంలో మొదటి రెండు ఒకేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్లు పెట్టినప్పుడు ఒకటి ముంబైలో, రెండోది హైదరాబాద్‌లో పెట్టింది. విద్యానగర్‌లోని ఆ సెంటర్ పేరు ఇప్పుడు నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్‌గా మారింది కానీ మా పాతవాళ్ళు ఇంకా వీఆర్‌సీ అనే అంటారు. వచ్చినవాళ్ళని వర్క్‌షాపులో కూర్చోబెట్టి, పని చేయించి, ఏ ట్రేడ్‌కి సరిపోతారో చెప్పడానికే పెట్టిన సెంటర్ అది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం కోసమే ఒక జాతీయ సంస్థ వచ్చింది. పని జరిగే చోట్లున్నాయి, ఇన్నేళ్ళ అనుభవముంది. ఆ పని చేయడానికి ఎవరు అర్హులో చెప్పే పరీక్ష లేదు.

మా ఆఫీసులో ఒకాయన, "స్కిల్ ఇండియాలో అసెసర్ సర్టిఫికేషన్ ఉందిగా, అది చేసుకోండి" అన్నాడు. అది మంచి సర్టిఫికేషనే. దివ్యాంగుల స్కిల్ కౌన్సిల్ ఆ పని చూస్తోంది. కానీ ఆ అసెసర్ వచ్చేది ట్రైనింగ్ అయిపోయాక. సిలబస్‌లో ఉన్నది నేర్చుకున్నాడా లేదా అని చూసి మార్కులు వేస్తాడు. నేను చూసేది ట్రైనింగ్‌కి ముందు: వీణ్ణి అసలు ఆ ట్రైనింగ్‌కి పంపాలా వద్దా? టైలరింగ్ మిషన్ ఉంది కాబట్టి టైలరింగ్, కొవ్వొత్తుల అచ్చులు దానం వచ్చాయి కాబట్టి కొవ్వొత్తులు, ఇలా నడుస్తున్న సెంటర్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. మా సెంటరూ ఒకప్పుడు అంతే. కొవ్వొత్తులు ఇంకా రెండు పెట్టెలు మిగిలే ఉన్నాయి.

కోర్టు సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ అవసరం మా సెంటర్ గోడల మధ్యే లేదు. 2010లో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో స్పష్టంగా చెప్పింది: శరీరానికి ఎంత శాతం వైకల్యం వచ్చిందన్నది వేరు, సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది వేరు. ఎడమచెయ్యి పోయిన వడ్రంగికో డ్రైవర్‌కో దాదాపు మొత్తం బతుకుతెరువు పోయినట్టే, కానీ అదే చెయ్యి పోయిన గుమాస్తాకి ఉద్యోగం నిలవొచ్చు. డాక్టరు చెప్పగలిగింది వైకల్యం ఎంతో మాత్రమే, సంపాదన నష్టం తేల్చాల్సింది పరిహారం నిర్ణయించే ట్రిబ్యునల్ అని కూడా ఆ తీర్పులోనే ఉంది. మరి ట్రిబ్యునల్‌కి దాని గురించి చెప్పే మనిషి ఎవరు? చేయి పోయిన వడ్రంగి ఇంకా ఏ పని చేయగలడు, ఎంత వేగంగా, ఎంత సేపు, ఏ మార్పులు చేస్తే అని పని పెట్టి చూసి చెప్పేవాళ్ళు కావాలి. అలాంటి సాక్షి బోనెక్కితే అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న మే నెలలో నన్నడిగిందే.

ఇంతవరకూ చదివి, నాకు గౌరవం కావాలని అడుగుతున్నాననుకుంటారేమో. కాదనను, కొంచెం అదీ ఉంది. కానీ నాకు సర్టిఫికేషన్ కావాలనిపించిన రోజు ఇంకొకటుంది. ఆ రోజు తప్పు నాది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఫిట్స్ ఉన్న కుర్రాడొకడు. పొద్దున రెండు గంటలు పని పెట్టి చూశాను. చురుగ్గా చేశాడు. కారం మిల్లులో హెల్పర్‌గా పనికొస్తాడని రాసిచ్చాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మిల్లు పక్కనే కూర్చుని కునుకు తీశాడు. చొక్కా చెయ్యి బెల్టులో చిక్కుకుంది. యజమాని భార్య చూసి స్విచ్ ఆపింది కాబట్టి చొక్కా చిరగడంతో పోయింది. తర్వాత తెలిసిందేమిటంటే, అన్నం తిన్నాక వేసుకునే మాత్రకి వాడికి మగత వస్తుంది. నేను పొద్దునపూట మాత్రమే చూశాను, మందుల టైము అడగలేదు. అంతకంటే ముందు, ఫిట్స్ ఉన్నవాణ్ణి తిరిగే బెల్టు పక్కన పెట్టమని రాయడమే తప్పు. అది తెలియాల్సిన చోట నాకు తెలియదు. యజమాని కుర్రాణ్ణి తీసుకొచ్చి దించి, "ఇక మీవాళ్ళని పంపకండమ్మా" అని వెళ్ళిపోయాడు.

నన్నెవరూ ఏమీ అనలేదు. సంజాయిషీ అడగలేదు. ఆ పై శుక్రవారం ఇంకో రిపోర్టు రాసి సంతకం పెట్టాను. మందులిచ్చే ఫార్మసిస్టుకి లైసెన్సు ఉంటుంది, తప్పు చేస్తే పోతుంది. నా సంతకానికి పోవడానికి ఏమీ లేదు. అప్పటి నుంచి ఎవరినైనా ఒక పూర్తి రోజు, భోజనం తర్వాత సహా, చూడకుండా రాయను. మందుల టైములు మొదటి పేజీలోనే ఉంటాయి. ఇది నాకు మిల్లు నేర్పిన పాఠం. వేరే ఊళ్ళో ఇంకో టీచరు ఇదే పాఠం ఇంకో కుర్రాడి మీద నేర్చుకోకూడదు.

అందుకని అడుగుతున్నాను. ఒకేషనల్ ఇవాల్యుయేటర్ అనే అర్హతని రిజిస్టర్‌లో చేర్చండి. కొత్త డిగ్రీ పెట్టమనడం లేదు, దండం పెడతాను, కొత్త డిగ్రీ పెట్టకండి. పెడితే రెండేళ్ళలో కాలేజీలు పుట్టుకొస్తాయి, ఒక్క మనిషిని పని చేయించి చూడనివాళ్ళు ఫస్ట్ క్లాసులో పాసవుతారు. ఇప్పటికే మీ రిజిస్టర్‌లో ఏ కేటగిరీలోనైనా ఉన్నవాళ్ళకి, ఆక్యుపేషనల్ థెరపిస్టులకి కూడా, దీన్ని అదనపు అర్హతగా తెరవండి. డిప్లొమా వాళ్ళకి తలుపు మూయకండి. ఊళ్ళలో ఈ పని మోస్తున్నది వాళ్ళే.

అర్హత దేనితో తేలాలంటే, రాసిన రిపోర్టులతో తేలాలి. పేర్లు తీసేసిన ఇరవై పూర్తి కేసులు అడగండి, కనీసం మూడు రకాల వైకల్యాలవి. అందులో రెండు ఫెయిలైన ప్లేస్‌మెంట్లు ఉండి తీరాలి, ఎందుకు ఫెయిలయ్యాయో రాయాలి. ఫెయిలైనవి లేవన్నవాళ్ళని నేనైతే నమ్మను. అనుభవం ఉన్న ఇవాల్యుయేటర్ పక్కన కొన్ని నెలలు పనిచేసిన రుజువు అడగండి, ఎన్ని గంటలన్నది మీరే తేల్చండి. పరీక్ష రోజున మాత్రం కంప్యూటర్ ముందు నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు సరిపోవు. ముందు చూడని మనిషిని ఇవ్వండి, ముందు చూడని పనిచోటుకి పంపండి, అది ఇడ్లీ బండి అయినా సరే. రెండు రోజులు టైమివ్వండి. ఆ పనిని విడదీసి, మనిషిని చూసి, రిపోర్టు రాయమనండి. రిపోర్టు తెలుగులో రాసే వీలుండాలి. దాన్ని చదవాల్సింది ఆ కుర్రాడి అమ్మ, ఆ మిల్లు యజమాని. ఇంగ్లీషులో రాసిన నా రిపోర్టులు బీరువాలో చదవకుండా పడి ఉన్నాయి. తెలుగులో రాయడం మొదలుపెట్టాక ఫోన్లు వస్తున్నాయి.

ఇంకొకటి, ఇది చాలామందికి నచ్చదు. ఉద్యోగాలు చూపించే టార్గెట్ ఎవరి నెత్తిన ఉందో వాళ్ళు ఇవాల్యుయేషన్ సంతకం పెట్టకూడదు. నెలాఖరుకి పదిమందిని చేర్చాలనే టెన్షన్‌లో ఉన్న మనిషికి అందరూ అన్ని పనులకీ సరిపోతారు. నాకు తెలుసు, నేనూ అలా రాశాను.

దీనికి రెండో వైపు భయం కూడా ఉంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు "వీడు పనికిరాడు" అని రాస్తే ఆ ముద్ర జన్మంతా పోదు. అందుకని నియమం కూడా మీరే పెట్టండి: ఏ ఏ సర్దుబాట్లు చేసి చూశారో రాయకుండా పనికిరాడన్న మాట రిపోర్టులో రాకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉద్యోగికి సర్దుబాటు చేయడం ప్రభుత్వ సంస్థల బాధ్యత అని ఉంది. ఏ సర్దుబాటు అని చెప్పడం మా బాధ్యత. కుర్చీ తిప్పి చూడకుండా మావాడి మొదటి గంట షీటు మీదే తేల్చేసి ఉంటే, పదకొండుసార్లు గుర్తు చేయాల్సినవాడుగానే వాడు మిగిలిపోయేవాడు.

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదేళ్ళలో 100 సీఆర్ఈ (వృత్తిలో ఉంటూ నేర్చుకునేదానికి ఇచ్చే) పాయింట్లు అంటున్నారు. ఈ అర్హతకి మాత్రం ఆ పాయింట్లలో సగం సెమినార్ల హాజరుతో రాకూడదు. మా రిపోర్టులు కొన్ని తీసి, ఏడాది తర్వాత ఆ మనిషి ఎక్కడున్నాడో కనుక్కుని, రాసినదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉందో చూసి ఆ సగం పాయింట్లు ఇవ్వండి. సెమినార్లో టీ, సమోసా బాగానే ఉంటాయి, నేనూ వెళ్తాను.

అమెరికాలో ఈ పనికి సీవీఈ (సర్టిఫైడ్ ఒకేషనల్ ఇవాల్యుయేటర్) అని ఒక సర్టిఫికేషన్ ఉండేది. దాన్ని నడిపిన కమిషన్ 2008లో కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేసింది. ఉన్నవాళ్ళ రెన్యువల్‌ని ఇంకో కమిషన్‌కి అప్పగించింది. అంటే కొత్తగా చేరేవాళ్ళు ఉండరు, ఉన్నవాళ్ళు రిటైరవుతూ పోతారు. మనం మొదలుపెట్టేటప్పుడే ఇది చూసుకోవాలి. ఫీజు మా జీతాలకి అందేలా ఉండాలి, పరీక్ష ఢిల్లీలో కాకుండా సికింద్రాబాద్‌లోనో విద్యానగర్‌లోనో జరగాలి. ఆ రెండు చోట్లూ రెండు వేర్వేరు మంత్రిత్వ శాఖల కింద ఉన్నాయని తెలుసు. శాఖలు మాట్లాడుకోవడం నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

ఆ అబ్బాయి ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే ఒక కిరాణా షాపు వెనక గదిలో పప్పులు ఏరి పొట్లాలు కడుతున్నాడు. షాపాయనకి నా సంతకం హోదాతో పనిలేదు, రిపోర్టు చదివి కుర్చీని గోడవైపు వేశాడు. మూడు నెలలకి వెళ్ళి మళ్ళీ తూచాను. వేగం కొంచెం పెరిగింది. నీళ్ళకి మాత్రం ఇంకా ఎవరో ఒకరు లేపాల్సిందే.

మీలో ఎవరైనా ఈ పని కళ్ళారా చూడాలనుకుంటే మా సెంటర్‌కి ఏ శుక్రవారమైనా రావచ్చు. ఒకరోజు ముందు చెప్తే చాలు. మిరపకాయలు కావాలంటే ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య రండి. తర్వాతైతే చింతపండు గింజ తీయించడమే ఉంటుంది.

ఇట్లు,
ఒక ఒకేషనల్ ఇన్‌స్ట్రక్టర్,
తెనాలి